హులిగెమ్మ నీళ్ళు పొయ్యని బిడ్డ

డోన్ పాతూరులో పెరిగినవాళ్ళ తలలు తడిమి చూస్తే చాలావరకు గుండ్రంగా ఉంటాయి. అది హులిగెమ్మ పనితనం. ఆ తలల లోపల ఏముందన్నదానికి మాత్రం ఆమె బాధ్యురాలు కాదు.

హులిగెమ్మ పసిబిడ్డలకు నీళ్ళు పోసేది. బాలింత ఉన్న ఇంటికి పొద్దున్నే వెళ్ళి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, పీట మీద కూర్చుని కాళ్ళు చాపేది. ఆ కాళ్ళ మీద బిడ్డను పడుకోబెట్టి, ఒళ్ళంతా ఆముదం రాసి, సున్నిపిండితో నలిచి, పెద్దవాళ్ళకే చురుక్కుమనే నీళ్ళు చెంబుతో పోసేది. నుదురు అదిమేది. ముక్కు దూలం పట్టి లాగేది. తల వెనక అరచెయ్యి పెట్టి రుద్దేది. కుడి చేతిని ఎడమ కాలికి, ఎడమ చేతిని కుడి కాలికి ఆనించి సాగదీసేది. బిడ్డ వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చేది.

"ఏడువు నాయనా, ఇప్పుడే ఏడువు. రేపు పెండ్లామొస్తే ఏడ్చేకి గూడా సందుండదు" అనేది హులిగెమ్మ. బాలింతలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. తర్వాత సాంబ్రాణి పొగ చూపించి గుడ్డలో చుట్టి తల్లి పక్కలో పడుకోబెడితే, ఆ బిడ్డ మధ్యాహ్నం దాకా కన్ను తెరిచేది కాదు.

ఆమె పుట్టింది ఆలూరు అవతల ఒక పల్లెలో. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా పని చేసే మనిషిని పెళ్ళి చేసుకుని డోన్ వచ్చింది. ఒక ఎండాకాలం పట్టాల మీద పని చేస్తూ అతను వడదెబ్బకు పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. పిల్లల్లేరు. అప్పుడు మా సందు చివర ఉండే సాయిబుల అవ్వ ఆమెను చేరదీసి ఈ పని నేర్పింది. మొదట గుమ్మడికాయను కాళ్ళ మీద పెట్టించి, దానికి నూనె రాయించి, నీళ్ళు పోయించి నేర్పిందట. అంతకుముందు, అంటే ఆలూరు పక్కన ఉన్న రోజుల్లో, హులిగెమ్మ ఒక్క బిడ్డకు కూడా నీళ్ళు పోయలేదు. ఈ సంగతి మా సందులో పాతవాళ్ళందరికీ తెలుసు. తర్వాత ఊరు వేరేగా చెప్పుకుంది కాబట్టి ఇక్కడే రాసి పెడుతున్నాను.

మాది ఆమె పక్కిల్లు. నాకూ ఆమే నీళ్ళు పోసింది. ఇంటర్ తర్వాత చదువు ఆగిపోయి నేను రాఘవేంద్రప్రసాద్ ఇనుప సామాన్ల కొట్లో చేరాను. సరుకు చూడడం, అవసరమైతే వాళ్ళ కారు నడపడం నా పని. అందువల్ల ఈ కథ నాకు రెండిళ్ళ వైపు నుంచీ తెలుసు.

రాఘవేంద్రప్రసాద్‌కు, ఆయన భార్య స్వర్ణలతకు చాలా ఏళ్ళకు కలిగిన కూతురు శ్రీవాసవి. కొట్టు ఆయన పేరున ఉన్నా, ఇంట్లో మాట మాత్రం ఆయన తల్లి రాజ్యలక్ష్మమ్మది. కాన్పైన వారానికే ఆమె హులిగెమ్మకు కబురు పెట్టింది.

బిడ్డను బోర్లా వేసుకుని, మెడ నుంచి నడుము దాకా రెండు బొటనవేళ్ళతో వెన్ను వెంట దిగడం హులిగెమ్మ అలవాటు. శ్రీవాసవి వీపు మధ్యలో ఆమె ఎడమ బొటనవేలు ఒక చోట ఎక్కి దిగింది.

"శెట్టెమ్మా, ఈడేమో చింతపిక్కంత తగుల్తాండాది. చూడు."

రాజ్యలక్ష్మమ్మ వేలు పెట్టి చూసింది. ఆమెకేమీ తగల్లేదు.

"లేత ఎముక. నలిపితే సర్దుకుంటాది. సొట్ట తలలు సర్దలేదా నువ్వు? దానికే గద నిన్ను పిలిపిచ్చింది."

హులిగెమ్మకు ఆ మాట సబబుగానే తోచింది. సొట్ట తలలు సర్దుకున్నాయి. చప్పిడి ముక్కులు లేచి నిలబడ్డాయి. పసిబిడ్డ ఒళ్ళు తడిమట్టి లాంటిదని, ఎటు వత్తితే అటు వస్తుందని ఆమె అప్పటిదాకా నమ్మింది. తల్లులూ నమ్మారు. ఆ నమ్మకంతోనే రోజూ ఆ చోట నూనె వేసి నలిపింది. ఒక రోజు తగ్గినట్టుండేది, ఒక రోజు తగ్గనట్టుండేది. బిడ్డకు ఐదో నెల రాగానే చీర పెట్టి పంపించారు. ఆమె ఇంకో ఇంటి బిడ్డకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయింది.

పాపకు మూడేళ్ళు నిండాక వాసవీ జయంతి వచ్చింది. శ్రీవాసవికి పట్టులంగా కట్టి, అమ్మవారిలా కిరీటం పెట్టి వేదిక మీద కూర్చోబెట్టారు. కిరీటం మాటిమాటికీ కుడివైపుకు జారుతుంటే జనం ముచ్చటపడి నవ్వారు. ఆ సాయంత్రం ఫోన్‌లో ఫొటోలు చూస్తూ స్వర్ణలత ఒక చోట ఆగింది. కిరీటంలో తేడా లేదు. పాప భుజాలే సమంగా లేవు.

కర్నూలుకు నేనే కారులో తీసుకెళ్ళాను. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, దీపం పెట్టె మీద తగిలించి, అందర్నీ దగ్గరికి పిలిచాడు. ఓపికున్న మనిషి. రాఘవేంద్రప్రసాద్ ఇనుము, సిమెంటు అమ్ముతాడని తెలుసుకుని గోడ లెక్కన చెప్పాడు.

"గోడ కట్టేటప్పుడు వరసలో ఒక మూలకోసిన ఇటుక పెట్టామనుకోండి. పై వరసలన్నీ ఒక పక్కకు వాలిపోతాయి. పాప వెన్నులో ఒక పూస అలాంటిది. ఒక పక్కే తయారైంది, రెండో పక్క తయారు కాలేదు. పాప పెరిగేకొద్దీ ఈ వంకర పెరుగుతుంది."

"నూనె గీనె పెట్టి తోమితే…?" అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

"పోదు. బెల్టులు కట్టినా ఆగదు. ఈ సగం పూసను తీసేసి, పైపూసనూ కిందపూసనూ స్క్రూలతో, చిన్న కడ్డీలతో కలపాలి. ఇప్పుడైతే చిన్నచోట అయిపోతుంది. ఆలస్యమైతే చుట్టుపక్కల ఎముకలు కూడా వంకరకే అలవాటు పడతాయి, అప్పుడు చాలా పెద్ద ఆపరేషన్. ఈ ఏడాది దాటనివ్వకండి."

బెంగుళూరులో పిల్లల వెన్నెముక ఆపరేషన్లు చేసే డాక్టరు పేరు రాసిచ్చాడు. ఇలాంటి పిల్లలకు ఒక్కోసారి గుండెలో, మూత్రపిండాల్లో కూడా లోపం ఉంటుందని ఆ పరీక్షలూ చేయించాడు. అవి బాగానే ఉన్నాయి.

"ప్రమాదం ఏమన్నా ఉంటాదా సార్?" అని రాఘవేంద్రప్రసాద్ అడిగాడు.

"లేదని అబద్ధం చెప్పను. వెన్నుపాము పక్కనే పని. కాళ్ళకు బలహీనత వచ్చే అవకాశం కొద్దిగా ఉంటుంది. అలా కాకుండా ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ యంత్రంతో నరాలను కనిపెట్టి చూస్తుంటారు."

స్వర్ణలత ఎక్స్‌రే దగ్గరికి జరిగింది. "ఎందుకైంది సార్ ఇది?" అంది.

"కడుపులోనే. ఈ పూసలు తయారయ్యేనాటికి కడుపని మీకు సరిగా తెలిసి కూడా ఉండదమ్మా. ఇందులో ఎవరి తప్పూ లేదు."

 తిరుగుదారిలో పాప కారు కిటికీలోంచి కనబడ్డ ప్రతి గొర్రెకూ పేరు పెట్టింది.

డాక్టరు చెప్పినవాటిలో ఒక్కొక్కరు తమకు భయమేసిన మాటను మాత్రమే ఇంటికి మోసుకొచ్చారు. తండ్రి తెచ్చుకున్నది కాళ్ళ మాట. స్వర్ణలత తెచ్చుకున్నది కడుపు మాట. ఆమె భయం అక్కరలేనిది కూడా కాదు. రాజ్యలక్ష్మమ్మ వినీవినగానే పట్టుకుంది.

"కడుపులో అంటే నీ కడుపులోనే గదమ్మా. గ్రహణం నాడు నిటారుగా పండుకోమంటే పక్కకు తిరిగి పండుకునింటావు. ఎన్నిసార్లు చెప్పినా నీకు?"

"నేను కదల్లేదత్తా."

"మా వంశంలో ఇట్లాంటిది లేదు. మీ పుట్టింట్లో ఎవురన్నా ఉండారేమో కనుక్కో. ఇంగ మన కొట్లో అమ్మే బోల్టులు బిడ్డ ఎన్నులో కొట్టిచ్చుకుంటే రేపు దాన్నెవురు చేసుకుంటారు? పుట్టుకతోనే లోపమంట అని ఊరంతా చెప్పుకోరా?"

మూడేళ్ళ పిల్ల పెళ్ళి గురించి అప్పుడే దిగులు. ఊపిరి సరిగా ఆడుతుందా, నడవగలదా అన్న దిగులు దాని తర్వాత. నాకు ఈ ఊరి మీద కోపం ఊరికే రాలేదు.

రెండు రోజులు ఆ ఇంట్లో పొయ్యి మీద గిన్నెల చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడో రోజు స్వర్ణలతే అంది, నేల వైపు చూస్తూ: "హులిగెమ్మ అప్పుడే చెప్పింది గదత్తా, ఏమో తగుల్తాండాదని. ఆయమ్మ నలిపి నలిపి అట్ల చేసిందేమో."

దాంతో ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

హులిగెమ్మను పిలిపించారు. తిట్టారు. తిట్టి, "వంచిన చేతులే సరి చెయ్యాల. దినామూ సాయంత్రం వచ్చి తోము" అని రాజ్యలక్ష్మమ్మ చెప్పింది. బెంగుళూరు డాక్టరు పేరున్న కాగితం దేవుడి గూట్లోకి వెళ్ళింది.

ఆమె వెళ్ళింది. రోజూ వెళ్ళింది. ఎండ తగ్గింది, ఒకటో రెండో వానలు పడ్డాయి, వేరుశనగ కోతలు కూడా వచ్చాయి. చాప మీద బోర్లా పడుకుని పాప కిలకిల నవ్వేది.

"హులిగవ్వా, చక్కిలిగిలి పెడతాండావు."

"పెడతా ఉండు. నవ్వు."

"నీ చేతులు రాళ్ళు మాదిరి ఉండాయి."

"మరి నేను నాపరాళ్ళ దేశందాన్ని గదనే బంగారూ."

ఆ ఇంట్లో అలా మాట్లాడి, ఇంటికొచ్చాక గోడకు వీపు ఆనించి కూర్చునేది. తనకు తెలుస్తూనే ఉంది. చింతపిక్క పోలేదు. ఇప్పుడది రేగ్గాయంత. దాని రెండో పక్క వీపు గుంట పడుతోంది. ఒక పొద్దు మా అమ్మ ఆమె పొయ్యి దగ్గరికి నిప్పుకు వెళ్తే, జొన్నరొట్టె పిండి మొత్తం దూరంగా విసిరేసి ఉంది.

"ఏమ్మే, ఏమాయె?"

"తడ్తాంటే పిండిలో తగుల్తాండాదక్కా. తీసి చూస్తే ఏమీ లేదు."

మా అమ్మ ఆ మాట నాతో చెప్పి, "ఆయమ్మకు ఏదో పట్టింది" అంది. పట్టింది నిజమే. నిమ్మకాయలతో పోయేది కాదు అది.

ఒక సాయంత్రం ఆమె నన్ను మా అరుగు మీద పట్టుకుంది. "అబ్బోడా, కర్నూలు డాక్టరు ఏమన్న్యాడో నాకు చెప్పు. ఒక్క ముక్క గూడా ఇడిసిపెట్టొద్దు."

మూలకోసిన ఇటుక దగ్గరనుంచి అంతా చెప్పాను. పూసలు తయారయ్యే కాలం గురించి తర్వాత నేను చదువుకున్నది కూడా చెప్పాను. కడుపులో రెండో నెల దాటకముందే అయిపోయిందని, ఆమె చేతికి బిడ్డ వచ్చేసరికి చేయగలిగిందీ చెడగొట్టగలిగిందీ ఏమీ లేదని చెప్పాను.

"ఐతే నేను చేసింది గాదు."

"కాదవ్వా."

"నేను తీసేది గూడా గాదు."

"కాదు."

మొదటి మాటకు ఆమె మొహంలో ఏమీ మారలేదు. రెండో మాటకు కళ్ళు మూసుకుంది. తెరిచి, "నిన్న గడప దాటేటప్పుడు పాప ఎడంకాలు తట్టుకునింది. మొన్న గూడా" అంది.

మర్నాడు వెళ్ళి రాజ్యలక్ష్మమ్మతో ఉన్నదున్నట్టు చెప్పింది. ఇది నా చేత కాదు, నా వల్ల అయిందీ కాదు, బెంగుళూరు తీసుకపోండి అని. నేను గ్యాస్ సిలిండరు లోపల పెడుతూ విన్నాను.

"చేసేదంతా చేసి ఇప్పుడు చేతులు కడుక్కుంటాండావా? నీది తప్పు లేకపోతే మరి ఎవురిదే? నా కోడలిదా? నా కొడుకుదా?"

"ఎవురిదీ గాదంట శెట్టెమ్మా. డాక్టరే చెప్పినాడంట."

"నీకు డాక్టర్లు చెప్తాండారా ఇప్పుడు? కూచోని తోము."

స్వర్ణలత వంటింటి వాకిట్లో నిలబడి ఉంది. హులిగెమ్మ ఆమె వైపు చూసింది. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. హులిగెమ్మ కూర్చుని తోమింది.

సంత రోజు కొట్టు నిండా జనం. చుట్టుపక్కల పల్లెల రైతులు మేకులు, గొలుసులు, పైపులు కొంటున్నారు. హులిగెమ్మ మెట్లెక్కి వచ్చి రాఘవేంద్రప్రసాద్ గల్లాపెట్టె ముందు నిలబడింది.

"శెట్టీ, ఒక మాట చెప్పుకోవాల."

"ఇంట్లో అమ్మతో చెప్పుకోపో."

"అమ్మతో గాదు. నలుగురూ ఉన్నప్పుడే చెప్పాల." ఆమె రెండు చేతులూ గల్లాపెట్టె మీద పెట్టింది, అమ్మకానికి పెట్టినట్టు. "ఇవి మంచి చేతులు గావు. మా ఊర్లో, ఆలూరు పక్కన, ఒక ఆడబిడ్డకు నీళ్ళు పోస్తా ఎన్ను చెడగొట్టినా. ఆ పాప వంగిపాయ. ఊర్లోవాళ్ళు తరిమితే ఈడికొచ్చినా. ఇన్నేండ్లు దాచిపెట్టినా. మీ పాపకు గూడా నా చేతులే తగిలినాయి. ఇంగ నేను ముట్టేకొద్దీ వంగుతాది గాని సరిగాదు. నా చెయ్యి పడనీయొద్దు. డాక్టర్లతాకి తీస్కపోండి."

 పైపు భుజాన పెట్టుకున్న రైతు ఒకాయన దాన్ని దించడం కూడా మరిచిపోయాడు. నేను మేకుల డబ్బా పట్టుకుని నిలబడ్డాను. అబద్ధమని అరవబోయాను కూడా. ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. బిడ్డలకు వేడినీళ్ళు పోసే ముందు చూసే చూపు అది, కదలొద్దని. నేను కదల్లేదు.

ఆ తర్వాత జరిగినవి ఊహించుకోవచ్చు. రాజ్యలక్ష్మమ్మ వెనకున్న ఇంట్లోంచి పరుగున వచ్చింది. "నీ చేతులు పడిపోను" అంది. ఒకామె ఉమ్మింది. నా తలను గుండ్రంగా చేసిన చేతులను ఊరంతా చూసి జడుసుకుంది. హులిగెమ్మ కొంగు సర్దుకుని మెట్లు దిగింది.

నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. వారం తిరక్కుండా వాళ్ళు బెంగుళూరు రైలుకు టికెట్లు తీశారు. అప్పటిదాకా వాళ్ళు ఇంట్లో ఎవర్ని తిట్టుకున్నా, ఊరికి తెలిస్తే అది పుట్టుకతో వచ్చిన లోపం, దాచుకోవాల్సింది. ఇప్పుడది ఎవరో చేసిన గాయం. గాయమైతే కుట్టించుకోవచ్చు, నలుగురికీ చెప్పుకోవచ్చు. వంశానికి మచ్చ లేదు, కోడలి కడుపుకు మచ్చ లేదు, రేపటి పెళ్ళికి అడ్డు లేదు. వాళ్ళకు ధైర్యం డాక్టరు మాటతో రాలేదు, హులిగెమ్మ అబద్ధంతో వచ్చింది. ఆమె ఇదంతా లెక్కేసి చేసిందా, లేక తన చేతుల్ని ఆ పాప మీదనుంచి తీయించే దారి మరొకటి తోచక చేసిందా అన్నది నాకిప్పటికీ తెలియదు.

సామాన్లు మోయడానికి నన్నూ తీసుకెళ్ళారు. ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక రాఘవేంద్రప్రసాద్ కుర్చీలో కూర్చోలేకపోయాడు. కొట్లో ఇనుప కడ్డీలు ఎత్తి చూసి బరువు చెప్పగలిగే మనిషి, డాక్టరు ముందురోజు చూపించిన స్క్రూ ఎంత సన్నంగా ఉందో నాతో పదేపదే చెప్పాడు. మధ్యాహ్నం దాటాక డాక్టరు బయటికొచ్చాడు. సగం పూస తీసేశామని, నరాలకు ఏమీ కాలేదని, యంత్రం చివరిదాకా బాగానే చూపించిందని అన్నాడు.

స్పృహ వచ్చాక నర్సు పాపను కాలివేళ్ళు ఆడించమంది. పాప ఆడించింది, రెండు కాళ్ళవీ. తర్వాత గొణిగింది: "మా హులిగవ్వ యాడ?"

రాజ్యలక్ష్మమ్మ దుప్పటి సర్దింది. "ఆయమ్మ పేరెత్తొద్దు బంగారూ."

కొన్ని నెలలు పాప గట్టి కవచం లాంటిది తొడుక్కుని తిరిగింది. తన బొమ్మలకు కూడా అట్లాంటిదే కావాలని పేచీ పెట్టింది. అది తీసేసిన రోజు ఇంటి ముందు నిలబడితే రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. వీపు మీద సన్నటి గీత. ఇంకా పెరిగే వయసు కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవాలట. ఎడమకాలు తట్టుకోవడం లేదు. పరిగెత్తుతోంది.

ఆ వారంలోనే స్వర్ణలత నన్ను పెరట్లోకి పిలిచి ఒక సంచి ఇచ్చింది. లోపల కొత్త చీర.

"ఆయమ్మకియ్యి. నేనిచ్చినానని చెప్పొద్దు."

"అక్కా, ఆయమ్మ చెప్పింది అబద్ధమని నీకు తెల్సు గద."

ఆమె పంపు తిప్పి చేతులు కడుక్కుంది. "తెల్సు. నిజం చెప్తే అది తిరిగి నా కడుపు మీదికొస్తాది" అంది.

నేను చీర ఇచ్చాను. హులిగెమ్మ ఎవరిచ్చారని అడగలేదు. విప్పి కూడా చూడలేదు.

ఆమెను తర్వాత ఏ ఇంటికీ పిలవలేదు. బాలింతలు ఆమె వీధిలో కనబడితే బిడ్డ మీద కొంగు కప్పుకుంటారు. ఆమె పోసిన నీళ్ళతో పెరిగిన మగవాళ్ళు, మీసాలొచ్చిన తర్వాత, తమకు నడుం నొప్పి ఎందుకొస్తోందో ఇప్పుడర్థమైందని టీ కొట్టు దగ్గర చెప్పుకుంటారు. స్టేషన్లో ప్లాట్‌ఫారాలు ఊడ్చే కాంట్రాక్టు మనిషి కింద ఆమె పనికి కుదిరింది. అక్కడా ఎవరైనా పసిబిడ్డతో బెంచీ మీద కూర్చుంటే ఆ పక్క ఊడ్వకుండా వెళ్ళిపోతుంది.

ఇంతవరకైతే ఇది అన్యాయం కథ, అట్లాంటివాటికి ఈ ఊళ్ళో కొదవ లేదు. కానీ ఒక సాయంత్రం ఆమె మా అరుగు మీదికొచ్చి కూర్చుని అంది: "ఆ పాపకు నల్లని వెంట్రుకలు శానా ఉండె అబ్బోడా. పుట్టినప్పుడే."

"వాసవికా?"

"కాదప్పా. మా ఊర్లో పాప."

 "అవ్వా, ఆ పాప లేదు. కొట్లో నువ్వు కల్పించి చెప్పినావు. ఆలూరు పక్కన నువ్వు ఎవురికీ నీళ్ళు పొయ్యలేదు. సాయిబులవ్వ గుమ్మడికాయతో నేర్పిచ్చింది గద నీకు."

"నీకేం తెల్సు. నువ్వప్పటికి పుట్టలేదు" అంది, కోపంగా కాదు.

ఆ రోజునుంచి పాప కొంచెం కొంచెంగా తయారవుతూ వచ్చింది. నల్లటి జుట్టు, ఎడమ చెవి కింద మచ్చ, పాలు తాగాక ఎక్కిళ్ళు. తల్లి పొలానికి పోతే ఉయ్యాల్లో ఒక్కతే ఉండేదట. ప్లాట్‌ఫారం మీద ఊడుస్తూ ఉంటే వెనక నుంచి పిలుస్తుందట, గుంతకల్లు బండి వచ్చే వేళకు. మాట్లాడే వయసు లేని బిడ్డ ఎలా పిలుస్తుందని నేను అడగలేదు. అంతమంది ముందు నోరు విప్పి చెప్పిన నేరం, ఊరంతా రోజూ గుర్తుచేసే నేరం. దానికొక బిడ్డ లేకపోతే ఎట్లా. ఊరు నమ్మిందాన్ని ఆమె ఒక్కతే నమ్మకుండా ఎన్నాళ్ళు నిలబడగలదు.

"ఒక్కసారి పోయొస్తే బాగుంటాది. ఆ తల్లి కాళ్ళు పట్టుకోవాల" అని అడగడం మొదలుపెట్టింది. చివరికి ఒక ఆదివారం నేనే వెంట వెళ్ళాను. లేదని కళ్ళతో చూస్తే వదిలేస్తుందనుకున్నాను. పత్తికొండ మీదుగా ఆలూరు, అక్కడినుంచి ఆటో. ఆమె పుట్టిన పల్లెలో ఆమెను గుర్తుపట్టినవాళ్ళే తక్కువ. వీపు వంగిన ఆడపిల్ల ఎవరైనా ఉందా అని అడుగుతూ తిరిగితే, బస్సులు ఆగే చోట ఉన్న బడ్డీకొట్టు చూపించారు.

కొట్లో గిడ్డమ్మ అనే ఆమె కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళుంటాయి. ఆమె వీపు ఒక పక్కకు ఎత్తుగా లేచి, తల ముందుకు వచ్చి, కుడి చెయ్యి మోకాలికి ఆనించుకుంటే తప్ప నిలబడలేకపోతోంది. నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకుంటోంది. వాసవి ఈ వయసుకు ఎలా ఉండేదో నేను ఆ కొట్టు ముందు చూశాను.

హులిగెమ్మ చెప్పులు విడిచి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. అంతా చెప్పింది.

గిడ్డమ్మ గుట్కా పొట్లాలు పక్కకు జరిపి ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "ఎవురే నువ్వు? నాకు మాయమ్మే నీళ్ళు పోసింది. నీ పేరు గూడా ఆయమ్మ ఎప్పుడూ ఎత్తలేదు."

"అట్ల గాదు తల్లీ…"

"ఏమప్పా, ఈయమ్మకు బాగలేదా?" అంది నాతో.

నేను వాసవి సంగతి, ఆపరేషన్ సంగతి కొంత చెప్పాను. ఆమె ఎవరికో బీడీ కట్ట ఇచ్చి, చిల్లర వెతికి, మళ్ళీ మా వైపు తిరిగింది.

"ఆ పాప ఇప్పుడు నిటారుగా నిలబడతాందా?"

"నిలబడతాంది."

"పరిగెత్తుతాందా?"

"ఆ."

గిడ్డమ్మ చిల్లర డబ్బాకు మూత పెట్టింది. "మాయమ్మ నన్ను గుళ్ళ సుట్టూ తిప్పింది" అంది. తర్వాత హులిగెమ్మ వైపు వంగింది, ఆమె వంగగలిగినంత. "సరేలేమ్మే. నువ్వు చెయ్యలేదు. చేసింటే గూడా నేను ఒదిలేసినా. దుడ్లేమీ వద్దు, సోడా తాగి పో, ఎండలో వచ్చినావు."

హులిగెమ్మ సోడా తాగింది. ఆలూరు వచ్చేదాకా ఆటోలో ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. మొహం తేటపడినట్టే అనిపించింది. అయిపోయిందనుకున్నాను. ఒక మనిషి నోటితో వదిలేశానని చెప్పింది, ఇంకేం కావాలి.

ఆలూరు బస్టాండులో డోన్ వైపు పోయే బస్సు ఇంజను వేసి ఉంది. నేను ఎక్కి సీటు పట్టాను. ఆమె కిందనే నిలబడి, పక్కనున్న ఇంకో బస్సు బోర్డు వైపు చూస్తోంది. ఆమెకు చదవను రాదు.

"అబ్బోడా, అది యాడికి పోతాండాది?"

"హొళగుంద. ఎక్కు అవ్వా, మన బస్సు కదుల్తాండాది."

"గిడ్డమ్మ మంచిది. కానీ ఆయమ్మ కాదు" అంది హులిగెమ్మ. "ఆ పాపకు చెవి కింద మచ్చ ఉండాల. తల్లి కూలికి పోయేది గద, ఆ పక్క ఊర్లకు ఏమన్నా పోయిందేమో. నువ్వు పోప్పా, రేపు నీకు కొట్టుండాది."

నేను దిగేలోపు ఆమె హొళగుంద బస్సు మెట్లెక్కింది.